నాలుగు గళ్ళలో వారసుడు

పోయిన సంచికలో 'వారసత్వం' మీద కట్టిన గళ్ళ నుడికట్టుకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షిక మొదలుపెట్టాక ఎప్పుడూ రాలేదు. మామిడిపళ్ళ మీద కట్టినప్పుడు పదో పన్నెండో వచ్చాయి. ఆస్తి అనేసరికి అందరికీ కోపాలొచ్చాయి. ముప్పై ఏళ్ళు విజయనగరంలో దస్తావేజులు రాసుకుని బతికినవాణ్ణి, ఈపాటి ముందే తెలిసుండాల్సింది. అన్నిటికీ జవాబులు రాయలేను, కొన్నిటికి రాస్తున్నాను.

ప్రశ్న: 'అడ్డం 9: ఆస్తికి వచ్చేవాడు (4)' అన్నారు. నేను 'ఔరసుడు' అని నింపాను. మీ జవాబు 'వారసుడు'. నాలుగింట మూడక్షరాలు కలిశాయి కదా, బహుమతి ఎందుకివ్వలేదు?
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: కలవని ఆ ఒక్క గడిలోంచే నిలువు 9 మొదలవుతుందండీ. 'పంపకాల్లో చేతికొచ్చేది (2)' అని దాని ఆధారం. వాటా. మీ లెక్కన అది 'ఔటా' అవుతుంది. అలాంటి ఆస్తి నేను ఏ దస్తావేజులోనూ చూడలేదు.

మాటలు కూడా వేరు. ఔరసుడంటే కన్నకొడుకు, 'ఉరస్సు' (రొమ్ము) లోంచి వచ్చిన మాట. మనుస్మృతి పన్నెండు రకాల కొడుకుల్ని లెక్కపెట్టి, ఔరసుణ్ణి అందరికన్నా ముందు కూర్చోబెట్టింది. దత్తుడు కూడా అందులో వాడే. పెళ్ళికి ముందే పుట్టిన కానీనుడూ ఉన్నాడు, కుంతికి కర్ణుడిలాగ. అంటే ఔరసుడు కాకపోయినా వారసుడు కావచ్చు. ఇక 'వారసుడు' మన పాత మాటే కాదు. అరబ్బీ 'వారిస్' సర్కారు కచేరీల దారిన మన ఊళ్ళలోకి వచ్చింది. దానికి 'డు' తగిలించి ఇంట్లో కలిపేసుకున్నాం. మాటనే దత్తత తీసుకున్నామన్నమాట.

ప్రశ్న: 'ఇంగ్లీషు తండ్రి, పారసీ తల్లి, పుట్టింది కాగితం (4)' ఏమిటండీ ఇది? రాత్రి పదకొండు దాకా మా ఇంట్లో అన్నం తినలేదు.
— ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: క్షమించండమ్మా. వీలునామా. ఇంగ్లీషు 'విల్', పారసీ 'నామా' కలిసి పుట్టింది. వీలు చూసుకుని రాసేది కాబట్టి వీలునామా అని చాలామంది అనుకుంటారు. ఆ వీలు ఎవరికీ చిక్కదు, అది వేరే సంగతి. అచ్చంగా మన పేరు కావాలంటే మరణశాసనం ఉంది గానీ, ఆ మాట పైకి అనడానికే జనం భయపడతారు.

ఒకాయన తన వీలునామా తనే రాసుకుని, మనవడి నోటుబుక్కులోంచి చింపిన కాగితం మడతపెట్టి తెచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఏ గట్టు ఎవరికి, ఏ కొబ్బరిచెట్టు ఎవరికి, చివరికి ఇత్తడి గంగాళం ఎవరికో కూడా ఉంది. సాక్షి సంతకం మాత్రం ఒక్కటీ లేదు. ఇద్దరు సాక్షులు లేనిదే వీలునామా చెల్లదని చెబితే, "సాక్షులకి తెలిస్తే ఊరందరికీ తెలిసిపోదా" అన్నారు. సాక్షులు లోపలున్నది చదవక్కర్లేదు, ఆయన సంతకం చేశారని తెలిస్తే చాలని ఒప్పించడానికి రెండు టీలు అయ్యాయి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది.

ప్రశ్న: 'దాయాది' చుట్టమా, శత్రువా?
— ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: గట్టు తగాదా ఉందో లేదో చెప్పండి, అప్పుడు చెబుతాను. సరదాకన్నాను. దాయం అంటే పంచుకోవాల్సిన సొత్తు, దాన్ని అందుకునేవాడు దాయాది. పాత పద్యాల్లో 'దాయ' అంటే జ్ఞాతి అనీ అర్థమే, పగవాడు అనీ అర్థమే. భారతం చదివినవాళ్ళకి ఆ రెండర్థాలు ఒకచోటికి ఎలా వచ్చాయో చెప్పక్కర్లేదు. ఒకటి మాత్రం నిజం. పొలంలో వాటా లేని దాయాదికి కూడా మైలలో వాటా తప్పదు.

ప్రశ్న: ఇంగ్లీషు క్రాస్‌వర్డ్‌లో వారసుడికి 'గాలి అని వినిపిస్తుంది' అని క్లూ ఇస్తారట. ఎందుకు సార్?
— ఒక ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: వాళ్ళ 'హెయిర్'లో మొదటి అక్షరం హెచ్ పలకదు నాన్నా. పలికితే 'ఎయిర్' అనే వినిపిస్తుంది. రాతలో ఉండి నోట్లో లేని అక్షరం మన తెలుగులో దొరకదు కాబట్టి ఆ చమత్కారం మనకి కుదరదు. వాళ్ళదే ఇంకో మాట 'సయాన్'. పెద్దింటి వారసుడనీ అర్థం, అంటు కట్టే కొమ్మ అనీ అర్థం. మీ పలాస వైపు జీడిమామిడి నర్సరీలో ఎవర్నడిగినా ఆ కొమ్మని చూపిస్తారు. మనమూ వంశాంకురం అంటాం కదా. ఇద్దరూ కొడుకుని మొక్కలాగే చూశారు.

ప్రశ్న: 'పంచడానికి కుదరనిది (4)' అంటే 'అవిభాజ్యం' అన్నారు. ఆస్తి పంచడానికి కుదరకపోవడమేమిటి?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: బొబ్బిలి వారు అడగాల్సిన ప్రశ్నేనా ఇది! పెద్ద జమీందారీలు ముక్కలవకుండా ఒక్కడికే, మామూలుగా పెద్దకొడుక్కే దక్కేవి. 1904లో మద్రాసు ప్రభుత్వం దానికి చట్టమే చేసింది. ఒక్కడికే అన్నప్పుడు ఆ ఒక్కడూ లేకపోతే చిక్కు. విజయనగరం ఆనంద గజపతి 1897లో పిల్లల్లేకుండా పోయారు, దత్తత మీద దావా నడిచింది. ఆయన తోబుట్టువు రీవా రాణి దగ్గర ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్న గురజాడ అప్పారావు గారు కూడా ఆ కాగితాలతో కుస్తీ పట్టినవారే.

ప్రశ్న: 'అక్షరాలు కొద్దే, తగాదాలు కొండంత (4)' జవాబు తెలిసింది గానీ అర్థం కాలేదు.
— ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: మితాక్షర, అంటే కొద్ది అక్షరాలది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య. కేతన 13వ శతాబ్దంలో దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వంశం ఆస్తిలో కొడుక్కి పుట్టగానే హక్కు వచ్చేస్తుందంటుంది మితాక్షర. తండ్రి పోయాకే అంటుంది బెంగాలు వైపు నడిచిన దాయభాగం. మన కోర్టుల్లో నడిచింది మొదటిదే.

ప్రశ్న: మీ గళ్ళన్నీ లెక్కపెట్టాను. వారసుడు, దత్తుడు, దాయాది, జ్ఞాతి, దౌహిత్రుడు. ఒక్క ఆడమనిషి లేదు. 'స్త్రీధనం' ఉంది గానీ అది సొమ్ము, మనిషి కాదు. మా నాన్నగారి పొలంలో నాకూ మా చెల్లికీ వాటా వచ్చింది. మేం ఏ గడిలో కూర్చోవాలి సార్?
— ఒక టీచరు, నరసన్నపేట

జవాబు: 'వారసురాలు'కి ఐదు గళ్ళు కావాలమ్మా, నాకు నాలుగే మిగిలాయి అని రాసి, కొట్టేశాను. గళ్ళు గీసేది నేనే కదా.

'పుట్టగానే హక్కు' అన్న మాట కూతురి దగ్గరకి రావడానికి చాలా కాలం పట్టింది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఇచ్చారు. దేశమంతటా, పెళ్ళయినా కాకపోయినా ఇచ్చింది 2005 సెప్టెంబరు 9న. ఆ రోజుకి తండ్రి బతికున్నాడా లేదా అన్నదానితో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల్ని కదపరు.

ఆ పంపకాల్లో కొన్ని నేను రాసినవే. ఆడపిల్ల చేత రాయించే హక్కు విడుదల దస్తావేజు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "నా వివాహ సమయమున పసుపు కుంకుమలు, సారె సామాను ముట్టియున్నందున, ఇకమీదట సదరు ఆస్తియందు నాకు గాని, నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదని..." మా అప్పకి, అంటే అక్కకి, 1978లో పెళ్ళయింది. నాన్న పోయాక 1997లో నేనే రాసి, నేనే చదివి వినిపించి, పెన్ను చేతికిచ్చాను. నాన్న వాటాలో కూతురికీ భాగం ఉంటుందని 1956 చట్టంలోనే ఉంది. అది తెలుసు కాబట్టే సంతకం కావాల్సొచ్చింది. అప్ప ఆ వాక్యం మీద వేలు పెట్టి ఆగింది. "ఏట్రా ఇది? నాకు హక్కే లేదని రాసి, మళ్ళీ నా వారసులంటావేట్రా? నాకేటుందని వారసులొస్తారు?"

"అలాగే రాస్తారే, మామూలే" అన్నాను. సంతకం పెట్టింది. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోంచేసి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా అప్పకి డెబ్భై దాటాయి. ప్రతి సంచికా పెన్సిలుతో నింపి, తప్పులు పట్టి ఫోన్ చేస్తుంది. మీ ఉత్తరం చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వింది. "ఈసారి ఒక ఆధారం నేనిస్తాను, వేస్తావా?" అంది. ఈ సంచికలో అడ్డం 1 ఆవిడదే. అక్షరం మార్చలేదు:

ఆవు ఇస్తుంది, తమ్ముడు ఇవ్వడు (2).