రెండు ఆటల మనవడికి

చిరంజీవి చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

క్రికెటో టెన్నిసో ఏదో ఒకటి మానేయమని కోచ్ గారు అన్నారట. రెండు రోజులుగా నువ్వు సరిగ్గా అన్నం కూడా తినడం లేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది. టెన్షన్ పడకు నాన్నా. నీకింకా 14 ఏళ్లే. ఇప్పుడే ఏదీ వదలకు.

నీలాగే క్రికెట్, టెన్నిస్ రెండూ ఆడిన కోట రామస్వామి గారి గురించి నీకు ముందే చెప్పాల్సింది. 1896లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. వాళ్ల నాన్న బుచ్చిబాబు నాయుడు గారు. అక్కడి చేపాక్ క్రికెట్ మైదానంలో తెల్లవాళ్లు పెవిలియన్‌లో భోంచేస్తుంటే మనవాళ్లు చెట్ల కింద తినాల్సి వచ్చేదట. అది సహించలేక 1888లో మనవాళ్ల కోసం మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టిన మనిషి బుచ్చిబాబు గారు. రామస్వామి గారు తాతగారింటికి దత్తత వెళ్లి కోట వారయ్యారు.

కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో, 1922లో, దేశాల మధ్య జరిగే డేవిస్ కప్‌లో మన దేశం తరఫున టెన్నిస్ ఆడారు. వింబుల్డన్‌లోనూ ఆడారు. తిరిగొచ్చాక వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేశారు. క్రికెట్ మాత్రం వదల్లేదు. 14 ఏళ్ల తర్వాత, 1936లో, విజయనగరం మహారాజకుమార్ కెప్టెన్సీలో ఇంగ్లండ్ వెళ్లి మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడారు. అప్పుడాయన వయసు 40! మొదటి ఇన్నింగ్స్‌లో 40 కొట్టారు. మనవాళ్లు 368 పరుగులు వెనకబడి రెండో ఇన్నింగ్స్‌కు దిగితే మర్చంట్, ముస్తాక్ అలీ సెంచరీలు చేశారు, ఈయన 60 చేశారు, మ్యాచ్ డ్రా అయింది. తర్వాత లండన్‌లోని ఓవల్ మైదానంలో 29, 41 నాటౌట్. ఆ రెండు టెస్టులతోనే సరి. ఆ స్కోర్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వాళ్లది కలిగిన ఇల్లు, ఆ కాలమూ వేరు. నీకు ట్యూషన్లున్నాయి, బస్సు ప్రయాణం ఉంది. అందుకని ఒకే రోజు రెండు ఆటలూ పెట్టుకోకు. క్రికెట్ మ్యాచ్‌లు జోరుగా ఉన్న నెలల్లో టెన్నిస్ వారానికి రెండు సాయంత్రాలు చాలు, మిగతా నెలల్లో అటుది ఇటు చెయ్యి. భుజం లాగితే ఆ రోజే చెప్పు, దాచకు. నేను 16 ఏళ్లకే పెద్దల మాట విని వాలీబాల్ మానేశాను. కబడ్డీలో మోకాలు పోయాక నాకంటూ ఏ ఆటా మిగల్లేదు. ఆ బాధ నీకు వద్దు.

రెండు సెలెక్షన్లూ ఒకే రోజు వస్తే మాత్రం ఎవరో చెప్పారని కాదు, నీ మనసుకు ఏది కావాలనిపిస్తే దానికే వెళ్లు. మద్రాసుకే చెందిన ఎం. జె. గోపాలన్ గారు హాకీలోనూ ఘనుడే. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ వదులుకుని క్రికెట్ జట్టుతో ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడ ఒక్క టెస్టులోనూ ఆడించలేదు. హాకీ జట్టేమో బంగారు పతకంతో వచ్చింది. అలాంటిది జరిగినా తట్టుకునేది, ఆ నిర్ణయం నీ సొంతమైతేనే.

కోచ్ గారి మీద కోపం పెట్టుకోకు, ఆయన నీ మంచికే అన్నారు. ఆదివారం నేనొస్తాను, ఇద్దరం వెళ్లి మాట్లాడదాం. నీ రాకెట్ తీగలు తెగాయట కదా, దాన్ని సంచిలో పెట్టి ఉంచు. దారిలో వేయించుకుందాం.

నీ తాతయ్య