పాజిటివ్ అనగానే గోతాం వెతక్కండి

"మా పిల్లికి కరోనా పాజిటివ్ అని రిపోర్టు వచ్చింది, ఇంట్లో వాళ్లు బయట వదిలేయమంటున్నారు. అసలు ఇది వీధి పిల్లుల్లో కూడా ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందండీ. నాలుగైదు పిల్లులు కలిసి ఉండే ఇళ్లలో రక్తం తీసి చూస్తే పది పిల్లుల్లో ఎనిమిది, తొమ్మిదింటికి ఇది సోకిన గుర్తులు కనిపిస్తాయి. ఒంటరిగా పెరిగేవాటిలో తక్కువ, బయట తిరిగేవాటిలోనూ తక్కువే. ఇది పిల్లుల కరోనా. 2020లో మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టినదానికి దూరపు చుట్టం, అంతే. మనుషులకు అంటదు.

ఇక మా బుడ్డోడి సంగతి చెప్తా. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు నాలుగు సందుల అవతల మా ఇల్లు. 2022 వానాకాలంలో మాకు మూడు పెద్ద పిల్లులు, ఒక కూన. ఆ కూనే బుడ్డోడు, ఎనిమిది నెలలవాడు. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగులుతున్నాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. మా అమ్మేమో "పెరుగన్నం బాగా పట్టింది" అని మురిసిపోయింది.

డాక్టరు పొట్టలోకి సూది దించి నీరు లాగాడు. నువ్వుల నూనె రంగులో ఉంది, వేళ్ల మధ్య పట్టుకుంటే తీగలా సాగుతోంది. "అన్నా, ఎదురుగా నూడుల్స్ బండి ఉంది, కొంచెం వెనిగర్ అడిగి పట్టుకురా" అన్నాడు. నేను వినింది తప్పేమో అనుకున్నా. బండివాడు టీ గ్లాసులో పోసిచ్చాడు. గాజు గ్లాసు నీళ్లలో ఆ వెనిగర్ నాలుగు చుక్కలు కలిపి, పైనుంచి పొట్టలోని నీరు ఒక్క బొట్టు వదిలాడు. కరగలేదు. ఉడికిన సగ్గుబియ్యం గింజలా గడ్డకట్టి మెల్లగా అడుగుకు దిగింది. డాక్టరు ఏమీ మాట్లాడకుండా ఆ గ్లాసు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎఫ్ఐపీ అనుకోవచ్చు అన్నాడు చివరికి. ఈ పిల్లుల కరోనాయే ముదిరి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు అది.

బుడ్డోడు ఆ తర్వాత తొమ్మిది రోజులే బతికాడు. ఈ జబ్బుకు జీఎస్ అని మందు ఉందన్నారు, 84 రోజులు వరసగా ఇవ్వాలట. 2021లో మన వాళ్ల కోసం ఊరూరా తిరిగిన రెమ్డెసివిర్ ఉంది చూడండి, అది ఒంట్లోకి వెళ్లాక మారేది ఈ జీఎస్‌గానే. వాట్సాప్‌లో ఎవరో చెప్పిన ధర విని నేను ఫోను పక్కన పెట్టేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ముల్లు గుచ్చినట్టే ఉంటుంది.

తర్వాత మిగతా మూడింటికీ పరీక్ష చేయించా. మూడూ పాజిటివ్! అప్పుడు మొదలైంది అసలు గోల. పక్కింటి పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గేటు దగ్గరే నిలబడి "ఏమప్పా, కరోనా పిల్లుల్ని ఇంట్లో పెట్టుకున్యావంట గదా" అంది. సాయంత్రానికి మా మామ గోతాంతో దిగాడు, తుంగభద్ర బ్రిడ్జి అవతల వదిలేసి వస్తానని. ఈ గోతాం అలవాటు మన ఊళ్లల్లో ఎప్పుడు పోతుందో! కూన పుట్టినప్పుడు ముద్దు చేస్తారు, సోఫా గీరగానే మార్కెట్ దగ్గర వదిలేస్తారు. ఇంట్లో పెరిగిన పిల్లికి వీధిలో కుక్కల మధ్య ఎన్ని రోజులు నడుస్తుంది?

మామకు చెప్పిందే మీకూ చెప్తున్నా. ఆ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ తగిలిందని మాత్రమే అర్థం. చాలా పిల్లులకు రెండు రోజుల విరేచనాలు, కొన్నిటికి అదీ ఉండదు. సోకినవాటిలో నూటికి ఐదు నుంచి పదింటికి మాత్రం ఒంట్లోనే వైరస్ రూపు మార్చుకుని ఎఫ్ఐపీ అవుతుంది, అదీ ఎక్కువగా రెండేళ్లలోపు కూనలకు. ఎవరికి మారుతుందో ఆ రక్త పరీక్ష చెప్పదు. నన్నడిగితే, ఆరోగ్యంగా తిరుగుతున్న పిల్లికి ఆ పరీక్ష చేయించడమే దండగ. నా మూడూ ఇప్పటికీ ఫ్రిజ్ మీదికి ఎగురుతూనే ఉన్నాయి.

ఇది అంటేది మలం ద్వారా. ఒకే ట్రేలో నాలుగు పిల్లులు తవ్వితే కాళ్లకు అంటుకున్నది నాకి, నోట్లోకి పోతుంది. వీధి పిల్లి ఎక్కడో దూరంగా గుంత తీసి పూడ్చేసి పోతుంది, అందుకే వాటిలో తక్కువ. కానీ మన వీధుల్లో ఒక తిరకాసు ఉంది. ఎవరో ఇల్లు కడుతూ రోడ్డు మీద ఇసుక పోస్తారు, ఆర్నెల్లు అక్కడే ఉంటుంది. పేటలోని పిల్లులన్నిటికీ అదే మరుగుదొడ్డి. మా సందు పిల్లుల్లో సగానికి పైగా ఉంటుందని నా లెక్క. పరీక్ష చేసి చెప్పడం లేదు, ఆ ఇసుక కుప్పను రోజూ చూసి చెప్తున్నా. బోనుల్లో పది పది కలిపి పెట్టి పర్షియన్ పిల్లుల్ని అమ్మేవాళ్ల దగ్గరైతే ఇంకా ఎక్కువ. వాళ్లనెవరూ గోతాంలో కట్టరు!

మన కరోనా మాత్రం మన నుంచి పిల్లులకు అంటుతుంది. 2020లో వూహాన్‌లో 102 పిల్లుల రక్తం చూస్తే 15 పిల్లుల్లో అది సోకిన ఆనవాళ్లు దొరికాయి. ఆ లెక్కన చూస్తే గోతాం పట్టుకోవాల్సింది పిల్లులే.

మీ పిల్లి తింటూ ఆడుతూ ఉంటే వదిలేయకండి. పొట్ట ఉబ్బినా, జ్వరం తగ్గకపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు జీఎస్ నాకంటే మీకు సులభంగా దొరకొచ్చు, ముందే అడిగి పెట్టుకోండి. పిల్లులు ఎక్కువుంటే ట్రేలు పెంచండి, రోజూ మలం ఎత్తండి, బ్లీచింగ్‌తో కడగండి. కడిగే బ్రష్షు మాత్రం వేరే పెట్టుకోండి. మా ఇంట్లో అది ఒకసారి బట్టల బ్రష్షుతో కలిసిపోయింది, మా అమ్మ ఇంకా మర్చిపోలేదు.