నాన్నగారికి పాటలు వినడానికి ఏ ప్లేయర్ కొనాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్ళు. రోజూ పొద్దున్నే వైజాగ్ ఆర్కే బీచ్‌లో నడుస్తారు. పాటలు వింటూ నడవడం ఇష్టం, కానీ ఫోన్ పట్టుకెళ్ళనంటారు. ఐదు వేల లోపు మంచి మ్యూజిక్ ప్లేయర్ ఏదైనా చెప్పండి. సౌండ్ క్వాలిటీ ముఖ్యం.

సౌండ్ క్వాలిటీ ముఖ్యం కాదండి. ఆ ఒక్కటీ ఒప్పుకుంటే మిగతాది సులువు.

పొద్దున్న ఆరున్నరకి ఆర్కే బీచ్‌లో ఏం వినపడుతుందో మీకు తెలియంది కాదు. ఒక పక్క సముద్రం హోరు, ఇంకో పక్క గుండ్రంగా నిలబడి నవ్వేవాళ్ళ నవ్వులు, కాళీమాత గుడి గంట, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ముందు ఫొటోలు దిగేవాళ్ళ కేకలు. ఆ గోలలో ఇది సీడీని మించిన 24 బిట్ల పాట, ఇది మామూలు 16 బిట్ల పాట అని పట్టుకోగలిగిన చెవి ఇంకా పుట్టలేదు. మామూలు సీడీలోనే శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాస్తారు, అందులో సగం, అంటే 22 వేల హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాలు దాన్లో పడతాయి. మనిషి చెవికి పసితనంలో 20 వేల హెర్ట్జ్ దాకా వినపడితే గొప్ప, వయసు పెరిగేకొద్దీ ముందు పోయేవి ఆ పై శబ్దాలే. దానికి తోడు ఆయన వినేవి 1950, 60ల నాటి పాటలైతే వాటి సొగసంతా గొంతులోనే ఉంది, ఏ పెట్టెలోంచి వచ్చినా వస్తుంది. షాపులో కుర్రాడు హై-రెస్ (ఎక్కువ క్వాలిటీ) అని బంగారు రంగు స్టిక్కర్ చూపిస్తే ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి.

నేనైతే ఏ ప్లేయర్ని అయినా ఒకటే అడుగుతాను. ఛార్జింగ్ అయిపోతే నీ గతేంటమ్మా, అని. ఇది నాకు 2014 అక్టోబరు 12న అబ్బిన బుద్ధి.

ఆ ఆదివారం వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మీరప్పటికి చిన్నవారై ఉంటారు కాబట్టి చెబుతున్నాను. మేము అప్పుడు ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. హుద్‌హుద్ తుపాను వస్తోందని టీవీలో నాలుగు రోజుల ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు, మాకే లెక్కలేదు. ఎన్ని తుపాన్లు చూడలేదు? డాల్ఫిన్ నోస్ కొండ అడ్డం ఉంది, సింహాచలంలో అప్పన్న ఉన్నాడు, ఎలాంటిదైనా అటు ఒడిశాకో ఇటు కాకినాడకో పోతుందని ఊరందరికీ ఒక ధీమా. మా నాన్న అయితే శనివారం రాత్రి బాల్కనీలో బట్టలు కూడా తీయనివ్వలేదు.

పొద్దున్నే కరెంటు పోయింది. గాలి వేగం గంటకి 180 కిలోమీటర్ల పైన అని తరవాత విన్నాం గానీ అప్పుడు మాకు తెలిసిందల్లా చప్పుడే. రైలు ఇంటి మీదుగా పోతున్నట్టు, పోతూనే ఉన్నట్టు. వంటింటి కిటికీ అద్దం పగిలి గ్యాసు పొయ్యి మీద పడింది. బాల్కనీ తలుపు ఊడొస్తుందేమోనని సోఫా అడ్డం పెట్టి, ఆ సోఫా మీద నేనూ నాన్నా బరువు కోసం కూర్చున్నాం. మధ్యాహ్నం గాలి ఠక్కున ఆగింది. అయిపోయిందనుకుని జనం మెట్లు దిగి చెట్లు చూడ్డానికి వెళ్ళారు. అది తుపాను కన్ను అని ఎవరికి తెలుసు? కాసేపటికి ఇందాకటి దాకా ఇటు నుంచి కొట్టిన గాలి అటు నుంచి కొట్టడం మొదలెట్టింది. ఒకవైపు వంగి ఎలాగో నిలబడ్డ చెట్లు రెండోవైపుకి వంగలేక విరిగాయి.

అమ్మ దేవుడి గది గుమ్మంలో కూర్చుని చెవులు మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నా ఆఫీసు బ్యాగులో ప్లేయర్ ఉందని. 2007లో జగదాంబ జంక్షన్ దగ్గర కొన్నది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, ఒక జీబీ, రెండొందల చిల్లర పాటలు పట్టేవి. ఐదు బటన్లు, గోరంత తెర, ఎఫ్ఎం. టీవీ రిమోట్‌లో వేస్తామే, ఆ సన్న సెల్లు ఒక్కటి వేస్తే పది పన్నెండు గంటలు పాడేది. మా తమ్ముడు దాన్ని చూసి నవ్వేవాడు. వాడి చేతిలో అరచేయంత స్మార్ట్‌ఫోన్, అందులో లేని పాట లేదు. ఆ ఫోన్ చీకటి పడకముందే కన్ను మూసింది. టార్చి వేసింది సగం కారణమైతే, టవర్లు పడిపోయాక సిగ్నల్ కోసం అది వెతుక్కుంటూ బ్యాటరీ తినేసింది మిగతా సగం. పోయాక ఇక అందులో ఎన్ని పాటలుంటే ఏం లాభం.

ఇయర్‌ఫోన్ ఒకటి అమ్మ చెవిలో పెట్టాను, ఒకటి నేను పెట్టుకున్నాను. సుశీల పాట వచ్చింది. మా అమ్మది విజయనగరం. సుశీల మా ఊరి పిల్ల, ఘంటసాల సంగీతం నేర్చుకున్నది మా ఊళ్ళోనే, అని పాటకొకసారి అనకపోతే ఆవిడకి తోచదు. మూడో పాటకి ఆ ముక్క అంది. హమ్మయ్య అనుకున్నాను.

రాత్రి పదింటికి సెల్లు అయిపోయింది. ఇంట్లో ఇంకోటి లేదు. షాపులకి రేకులే లేవు, సెల్లులెక్కడ? నాన్న ఏమీ మాట్లాడకుండా లేచి, చీకట్లో తడుముకుంటూ వెళ్ళి టీవీ రిమోట్ పట్టుకొచ్చాడు. వెనక మూత లాగితే రెండు సెల్లులు. అవి అయ్యాక ఏసీ రిమోట్‌వి రెండు. గోడ గడియారం కూడా దింపాం గానీ దానిది లావు పెన్సిల్ సెల్లు, పట్టలేదు. కరెంటు లేని ఇంట్లో రిమోట్ అంత పనికిమాలిన వస్తువు ఇంకోటి ఉండదు కదా, దాని కడుపులో ఇరవై గంటల పాటలు దాక్కుని ఉన్నాయని మాకు అంతకు ముందు ఎప్పుడూ తట్టలేదు.

మర్నాడు ఎఫ్ఎం పెట్టాను. ఈ చిన్న ప్లేయర్లలో ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్, అది పెట్టకపోతే రేడియో పలకదు. ఆ వైరుని దండేనికి చుట్టి, బాల్కనీలో మూలమూలకీ జరిగి చూశాను. రెండు రోజులు గరగర తప్ప ఏమీ లేదు. మూడో రోజు సాయంత్రం ఆ గరగరలోంచి మనిషి గొంతు వచ్చింది. ఏం చెప్పాడో సగం అర్థం కాలేదు, అయినా అరిచినంత పని చేశాను. ఆ అరుపు విని కింది ఫ్లాట్ మామ్మగారు పైకొచ్చారు, చేతిలో వాళ్ళ టీవీ రిమోట్‌తో సహా. నాన్న ముందే ప్రచారం చేసేసినట్టున్నాడు. "ఏటి బాబూ, పాలెప్పుడొస్తాయో చెప్పేడా నీ రేడియోవోడు?" అన్నారు. అర లీటరు పాల ప్యాకెట్ మా వీధి చివర యాభై రూపాయలు అంటున్న రోజులు అవి. పెట్రోలు బంకు దగ్గర లైను చూస్తే సినిమా రిలీజు గుర్తొచ్చేది.

ఆ వారమంతా సాయంత్రం ఆరింటికి మా గుమ్మంలో సభ. వార్తలు విన్నవాడు పైకి చెప్పాలి, అది మా తమ్ముడి పని, ఫోన్ లేదు కాబట్టి ఖాళీయే. వచ్చేవాళ్ళు ఊరికే రాకుండా రిమోట్ తెచ్చి ఇచ్చేవారు. మా ఇంటికి కరెంటు వచ్చింది తొమ్మిదో రోజు. అసలు గొడవ అప్పుడు మొదలైంది. అందరి ఇళ్ళల్లో టీవీ ఉంది, కరెంటు ఉంది, రిమోట్లు మాత్రం మా ఇంట్లో బుట్టలో, అన్నీ ఒకలాగే, ఒక్కదాన్లోనూ సెల్లు లేదు. ఇప్పటికీ మామ్మగారు ఫోన్ చేస్తే, "మా రిమోట్ మూత ఇంకా నీ దగ్గరే ఉండిపోయింది నానా" అంటారు. ఉండే ఉంటుంది.

సరే, మీ ప్లేయర్. నేను చెప్పిన రకం, సెల్లు వేసుకునేది, ఇప్పుడు షాపుల్లో అడిగితే మనల్ని వింతగా చూస్తారు. ఇప్పుడొచ్చేవన్నీ బ్యాటరీ లోపల పెట్టి అతికించేసినవి. లిథియం బ్యాటరీ వాడినా తగ్గుతుంది, ఎండలో పెట్టినా తగ్గుతుంది. మూడు నాలుగేళ్ళకి అది ఉబ్బితే ప్లేయర్ మొత్తం చెత్తబుట్టలోకే. జేబులో వెయ్యి పాటలు అంటూ 2001లో వచ్చిన ఐపాడ్‌నే 2022 మేలో పూర్తిగా ఆపేశారు. పెద్ద కంపెనీలు ఇంకా చేస్తున్నవి మీరనుకున్న ఐదు వేలకి ఎన్నో రెట్లు. ఐదు వేల లోపు ఆన్‌లైన్‌లో కనపడేవి పేరు నోరు తిరగనివి. వాటిలో బటన్లు లేని టచ్ రకం అయితే అసలు ముట్టుకోకండి. మన ఊరి ఉక్కపోతలో, చెమట చేత్తో, నడుస్తూ నడుస్తూ ఆ గాజు మీద వేలు రుద్దితే అది పాట మార్చదు, భాష మారుస్తుంది. ఇంకో బాధ ఉంది. చవక ప్లేయర్లలో తెలుగు అక్షరాలు ఉండవు, పాట పేరు తెలుగులో ఉంటే వరసగా డబ్బాలు కనపడతాయి. కాబట్టి ఫైళ్ళకి ముందు 001, 002 అని అంకెలు వేసి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి.

నా సలహా మీకు నచ్చదు, అయినా వినండి. బటన్ ఫోన్ కొనండి, సిమ్ వేయకండి. నాన్నగారు ఫోన్ వద్దన్నారు కదా అంటారా? ఆయనకి విసుగు ఫోన్ మీద అయ్యుండదు, ఫోన్ చేసేవాళ్ళ మీద అయ్యుంటుంది. సిమ్ లేకపోతే అది ఉత్త పాటల పెట్టె. 2020లో నోకియా వాళ్ళు 5310 అనే పాత పేరుతో మళ్ళీ ఒకటి తెచ్చారు, పాటల కోసమే పక్కన వేరే బటన్లు, ఎఫ్ఎం, 32 జీబీ దాకా కార్డు, మూడున్నర వేల లోపే. అచ్చంగా అదే కొనమని కాదు, ఆ రకం చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, వెనక మూత తీస్తే బ్యాటరీ చేతిలోకి వస్తుంది. ఇంకో బ్యాటరీ కొని, నిండా ఛార్జ్ చేసి బీరువాలో పెట్టుకోవచ్చు. తుపాను నెలల్లో, అంటే అక్టోబరు, నవంబరుల్లో, నేను ఇప్పటికీ అదే చేస్తాను. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది.

మెమరీ కార్డు మాత్రం రోడ్డు పక్క కొనకండి. పైన 64 జీబీ అని ఉంటుంది, లోపల ఎనిమిది కూడా ఉండదు. పాటలన్నీ ఎక్కినట్టే చూపిస్తుంది, సగం వింటుంటే కటకటమని ఆగిపోతాయి. బిల్లు ఇచ్చే షాపులో 32 జీబీది చాలు. 128 కిలోబిట్ల మామూలు ఎంపీ3 పాట నిమిషానికి ఒక ఎంబీ, 320 కిలోబిట్ల మంచి రకం అయినా రెండున్నర లోపే, కాబట్టి మంచి క్వాలిటీలో పెట్టినా మూడు వేల పాత పాటలు పడతాయి. ఆయన రోజుకి ఇరవై వింటే ఐదు నెలలు తిప్పి వినక్కర్లేదు. సినిమా పాటల షాపుల్లో యాభైకీ వందకీ కార్డు నింపించుకోకండి, ప్రతి పాట పేరు చివరా ఏదో వెబ్‌సైటు తోక ఉంటుంది, ఒకే పాట నాలుగు పేర్లతో ఉంటుంది. కాస్త ఓపిక చేసుకుని మీరే ఎక్కించండి. కన్నతండ్రి కోసమే కదా.

ఇయర్‌ఫోన్ వైరుదే తీసుకోండి. బ్లూటూత్ బుడిపెలు బీచ్‌లో ఇసకలో పడితే దొరకవు, వాటికి మళ్ళీ వేరే ఛార్జింగ్. వైరుదైతే ఉప్పు గాలికి పిన్ను మీద పచ్చగా చిలుము పడుతుంది, నెలకోసారి స్పిరిట్ అద్దిన దూదితో తుడిస్తే చాలు. ఒక చెవి ఖాళీగా వదిలి నడవమనండి. పొద్దున్న బీచ్ రోడ్డులో బళ్ళు ఆపినా, ఇంటికొచ్చే దారిలో ఎవరూ ఆపరు. అసలు ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాళ్ళని చూస్తేనే నాకు గౌరవం కలుగుతోంది ఈ మధ్య. భీమిలి వెళ్ళే 900కే బస్సులో ఎక్కి చూడండి, ఒక్కో సీట్లో ఒక్కో రీలు, అందరూ స్పీకర్లోనే. కండక్టరు కూడా.

ఒక్క విషయం మీరు ప్రశ్నలో రాయలేదు. నాన్నగారు వినేవి పాటలేనా, ప్రవచనాలు కూడానా? ప్రవచనాలైతే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు ఇది చూడాలి. గంటన్నర ప్రవచనం నలభై నిమిషాలు విని ఆపేసి, మర్నాడు పెడితే ఆపిన చోటు నుంచి రావాలి. చాలా చవక ప్లేయర్లు మళ్ళీ గణపతి ప్రార్థన నుంచే మొదలెడతాయి. మా నాన్న ఒకే ప్రవచనం మొదటి భాగం నెల రోజులు విని, ఆ ప్రవచనం చెప్పేఆయన కథ ముందుకి నడపట్లేదేంటిరా అన్నాడు. షాపుకి వెళ్ళేటప్పుడు కార్డులో ఒక పొడుగాటి ప్రవచనం వేసుకెళ్ళి, పది నిమిషాలు పాడించి, స్విచ్ ఆపి, మళ్ళీ వేసి చూడండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.