జిమ్నాస్టిక్స్‌లో వాల్ట్ బాగుంటే ఆల్‌రౌండ్ మెడల్ వస్తుందా?

కావలి నుంచి ఒకరు అడిగారు: "మా పాప వాల్ట్‌లో ఎప్పుడూ ముందుంటుంది. నాలుగూ కలిపితే మాత్రం అయిదో స్థానం దాటట్లేదు. వాల్ట్ మీదే ఇంకా సాధన చేయించమంటారా?"

వద్దండీ. ఆ పొరపాటు నేను రెండేళ్లు చేశాను. అమ్మాయిలకి నాలుగు అంశాలుంటాయి: పరిగెత్తి బల్ల మీంచి దూకే వాల్ట్, కడ్డీల మీద ఊగే బార్స్, సన్నటి దూలం మీద చేసే బీమ్, నేల మీద చేసే ఫ్లోర్. ఆ నాలుగు స్కోర్లూ కలిపితే ఆల్‌రౌండ్.

మా చిన్నది నెల్లూరులో నేర్చుకుంది. దానికీ వాల్టే ప్రాణం. పోటీకి వెళ్లినప్పుడల్లా అందరి స్కోర్లూ ఒక పాత లెక్కల నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. ఒక రాత్రి ఊరికే తిరగేస్తుంటే కనబడింది: వాల్ట్‌లో మొదటి పిల్లకీ పదో పిల్లకీ తేడా ఒక పాయింటు లేదు, బార్స్‌లో, బీమ్‌లో మూడు దాకా ఉంది. వాల్ట్ అంటే పరిగెత్తి ఒక్క దూకు, అంతే. తప్పు చేయడానికి కూడా టైము చాలదు. బీమ్ అలా కాదే! 10 సెంటీమీటర్ల వెడల్పు, నిమిషంన్నర దాకా ఆట. కింద పడితే ఒక పాయింటు పోయినట్టే. మా అమ్మాయి ఒక పోటీలో వాల్ట్‌లో 0.4 ముందుంది, బీమ్ మీంచి రెండుసార్లు పడింది. బస్సులో ఒంగోలు దాటేదాకా నోరు విప్పలేదు.

మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌నే చూడండి. 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్లో 15.066తో నాలుగో స్థానం, కంచు 0.150 తేడాతో తప్పింది. అక్కడే క్వాలిఫికేషన్‌లో నాలుగూ కలిపితే ఆమెది 51వ స్థానం. ఒక్క వాల్ట్‌కే ఆడించాలనుకుంటే అది వేరే దారి, తప్పేం లేదు. కానీ ఆ ఫైనల్‌కి రెండు రకాల వాల్ట్‌లు కావాలి, వాటి సగటు తీస్తారు.

అలాగని పడితే అంతా అయిపోయినట్టూ కాదు. 2012 లండన్ ఒలింపిక్స్ ఆల్‌రౌండ్‌లో రష్యా అమ్మాయి ముస్తఫీనా, అమెరికా అమ్మాయి రైస్మన్ ఇద్దరికీ 59.566 వచ్చింది. రూలు ప్రకారం ఇద్దరి అతి తక్కువ స్కోరూ తీసేసి మిగతా మూడూ కలిపి చూశారు. బీమ్ మీంచి పడి 13.633 తెచ్చుకున్న ముస్తఫీనాకే కంచు దక్కింది!

మేమేం చేశామంటే, స్టోన్‌హౌస్‌పేటలో వడ్రంగి చేత 10 సెంటీమీటర్ల వెడల్పు దూలం చేయించి, పాత తివాచీ చుట్టి వరండాలో నేల మీదే వేశాం. టిఫిన్‌కి రావాలన్నా దాని మీంచే నడిచి రావాలి. ఏడాదికి బీమ్ స్కోరు పాయింటున్నర పెరిగింది. వాల్ట్ ఎక్కడిదక్కడే ఉంది, అయినా మూడో స్థానం వచ్చింది.

ముందు మీ పాప నాలుగు స్కోర్ల పక్కన మొదటి పిల్ల నాలుగు స్కోర్లూ రాసి చూడండి. తేడా ఎక్కువగా బార్స్‌లో ఉంటే మాత్రం దూలంతో పని జరగదు, కోచ్ గారితోనే మాట్లాడాలి.