వెనక్కి వెళ్లాలా? ముందు రోజులు లెక్కపెట్టండి

ప్రశ్న: సార్, నా ల్యాప్‌టాప్‌ది ఆరేళ్ల వయసు. విండోస్ 10తో ఏ గొడవా లేకుండా నడిచేది. దానికి సపోర్ట్ ఆగిపోయిందని మావాడు విండోస్ 11 ఎక్కించి వెళ్లాడు. ఇవాళ్టికి ఎనిమిదో రోజు. స్టార్ట్ బటన్ మూల నుంచి మధ్యలోకి వచ్చి కూర్చుంది. రైట్ క్లిక్ చేస్తే నాకు కావాల్సినవి కనబడవు. ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. వీటన్నిటినీ భరిస్తాను గానీ, పాత కాగితాలు స్కాన్ చేసుకునే నా స్కానర్ పనిచేయడం మానేసింది. పాతదానికే వెళ్లిపోనా? మావాడేమో "అలవాటైపోతుందిలే అమ్మా" అంటున్నాడు. - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మెయిల్‌లో స్కానర్ కంటే ముందు నా కంటపడిన మాట "ఎనిమిదో రోజు". విండోస్ 11కి మారాక వెనక్కి తిరిగే దారి 10 రోజులే తెరిచి ఉంటుంది. ఈ సంచిక అచ్చయి మీ చేతికి వచ్చేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది. అందుకే ఆ సాయంత్రమే మీకు మెయిల్‌లో జవాబు రాశాను. మీలాంటి వాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి అదే సంగతిని ఇక్కడ కాస్త విడమరిచి చెబుతున్నాను.

కొత్తది ఎక్కేటప్పుడు పాత విండోస్ ఎక్కడికీ పోదు. సి డ్రైవ్‌లో 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డర్‌లో మూటగట్టి ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ 'గో బ్యాక్' బటన్ నొక్కితే ఆ మూట విప్పి పాతదాన్ని యథాస్థానంలో పెడుతుంది. 10 రోజులు గడిచాక ఆ ఫోల్డర్‌ను కంప్యూటరే చెరిపేస్తుంది, బటన్ కూడా పనిచేయదు. కొందరికి అంత గడువు కూడా ఉండదు. జాగా చాలడం లేదని డిస్క్ క్లీనప్ తెరిచి, 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' పక్కన టిక్ పెట్టి ఓకే కొట్టేస్తారు. కొట్టేసింది తమ తిరుగు టికెట్టేనని తర్వాతెప్పుడో తెలుస్తుంది.

కాబట్టి మీకు ముందు చెప్పింది వెళ్లమనీ కాదు, ఉండమనీ కాదు. గడువు పెంచుకోమని. కమాండ్ ప్రాంప్ట్‌ను (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఒక్క లైను కొడితే ఆ 10 రోజుల్ని 60 దాకా పొడిగించుకోవచ్చు. ఆ లైను మీకు మెయిల్‌లో పంపాను, అక్షరం పొల్లుపోకుండా అతికించమన్నాను. 10 రోజుల లోపు చేస్తేనే ఇది పనికొస్తుంది. పదకొండో రోజున పొడిగించడానికి ఏమీ మిగలదు.

ఇక మీ ఫిర్యాదులు. స్టార్ట్ బటన్ గురించి మీరు ఒక వాక్యం ఖర్చుపెట్టినా దానికి అర నిమిషం చాలు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో అలైన్‌మెంట్‌ను 'లెఫ్ట్' చేస్తే మళ్లీ మూలకు వెళ్తుంది. షిఫ్ట్ కీ నొక్కిపట్టి రైట్ క్లిక్ చేస్తే పాత పొడవాటి మెనూ వస్తుంది. ఫ్యాన్ మోత నన్నూ ఒకప్పుడు భయపెట్టిందే. కొత్త విండోస్ ఎక్కాక మొదటి రోజుల్లో ఫైళ్లన్నీ తిరగేసి వెతుకులాటకు సూచిక తయారు చేసుకుంటుంది, అప్‌డేట్లూ డ్రైవర్లూ (స్కానర్ లాంటి పరికరాలను విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రాములు) దించుకుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అక్కడ పైవరసలో సెర్చ్ ఇండెక్సరో, అప్‌డేట్‌కు సంబంధించినదో కనబడితే ఒక రాత్రి ఛార్జర్ పెట్టి, నిద్రపోకుండా సెట్ చేసి వదిలేయండి. రెండు వారాలైనా అదే మోత ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

స్కానర్ సంగతి వేరు. వెనక్కి వెళ్లడానికి మీ జాబితాలో అసలైన కారణం అదొక్కటే. అయితే విండోస్‌లో 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలు, విండోస్ 10కి ఇచ్చిన 64 బిట్ డ్రైవర్ 11లోనూ చాలాసార్లు పనిచేస్తుంది. మీది నేరుగా పది మీదే పదకొండు ఎక్కిన యంత్రం కాబట్టి అందులో ఉన్నది 64 బిట్టే, 32 బిట్ విండోస్ నుంచి అలా మారడం కుదరదు. అందుకని మీకు రాసింది ఇదీ: స్కానర్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా తీసేయండి, యంత్రం రీస్టార్ట్ చేయండి, తయారీదారు సైట్ నుంచి పది కోసం ఇచ్చినదాన్నే దించి వేయండి. అప్పటికీ కదలకపోతే విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ చూడండి. అక్కడ 'మెమరీ ఇంటెగ్రిటీ' ఆన్‌లో ఉంటే కొన్ని పాత డ్రైవర్లను లోపలికి రానివ్వదు. దాన్ని ఆపేయమని మాత్రం చెప్పను, అది కాపలా కాసే పని చేస్తోంది. అడ్డం అదేనని తేలితే వ్యూస్కాన్ లాంటి వేరే స్కానింగ్ ప్రోగ్రాము ప్రయత్నించండి. తయారీదారులు వదిలేసిన స్కానర్లను కూడా అది చాలావరకు నడిపిస్తుంది.

మీరు తిరిగి వెళ్దామనుకుంటున్న చోటు ఇప్పుడెలా ఉందో కూడా చూసుకోవాలి. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు ఈఎస్‌యూ అనే పొడిగింపు ఉంది. అందులో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. కొత్త సౌకర్యాలేమీ రావు. 22హెచ్2 వెర్షన్ అయ్యుండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. వెర్షన్ ఏదో తెలియాలంటే స్టార్ట్‌లో 'విన్‌వెర్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. అంటే మీరు వెనక్కి వెళ్లినా అక్కడ ఉండగలిగేది ఆ తేదీ వరకే. ఆ తర్వాత మళ్లీ ఈ ప్రశ్నే.

నా సంగతి చెబితే నవ్వుతారు. 2013లో విండోస్ 8 ఉన్న కొత్త ల్యాప్‌టాప్ నా చేతికొచ్చింది. స్టార్ట్ బటన్ లేని విండోస్ అది. రెండో రోజుకే నాకు కోపం వచ్చి 7 వేద్దామని కూర్చున్నాను. గుర్తింపు లేని విండోస్‌ను మొదలుకానివ్వని సెక్యూర్ బూట్ అనే కాపలాను ఆపాను. పెన్‌డ్రైవ్ పెట్టాను. ఇన్‌స్టలేషన్ మొదలై, ఏదో డ్రైవర్ కావాలని అడిగి నిలబడిపోయింది. ఏ డ్రైవరో చెప్పదు. గంటన్నర కొట్టుకున్నాక, ఎందుకు చేశానో తెలియదు, పెన్‌డ్రైవ్ పీకి పక్క పోర్టులో పెట్టాను. నడిచింది! మొదటిది లోపల నీలం నాలుక ఉన్న యూఎస్‌బీ 3.0 పోర్టు, రెండోది నల్లది. విండోస్ 7కి ఆ నీలం పోర్టును గుర్తుపట్టే డ్రైవరే లేదు.

అంతా అయ్యాక తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత. గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు. దించుదామంటే వైఫై లేదు, వైఫై డ్రైవర్ కూడా దించాల్సిందే. చివరికి ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి నెట్ తెచ్చుకున్నాను. అన్నిటికంటే పెద్ద తప్పు వేరే ఉంది. హార్డ్‌డిస్క్ శుభ్రం చేసే ఉత్సాహంలో అసలు విండోస్‌ను మళ్లీ వేసుకోవడానికి కంపెనీవాళ్లు డిస్క్‌లో దాచిపెట్టిన రికవరీ పార్టిషన్ అనే భాగాన్నీ చెరిపేశాను. ఇక 8కి వెళ్దామన్నా దారి లేదు. అందుకే ఎవరైనా "పాతదే బాగుంది" అంటే వాళ్ల అభిరుచిని నేను కాదనను, వైఫై డ్రైవర్ ముందే దించిపెట్టుకున్నారా అని మాత్రం అడుగుతాను.

మీకా తిప్పలేవీ ఉండవు. గో బ్యాక్ బటన్ పాత డ్రైవర్లతో సహా తెస్తుంది, మీ ఫైళ్లు ఉంటాయి. మారిన తర్వాత వేసుకున్న ప్రోగ్రాములూ, మార్చుకున్న సెట్టింగులూ పోతాయి. అయినా ఫొటోలూ కాగితాలూ ముందుగా బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. డిస్క్‌కు తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే కంప్యూటర్‌లో సేవ్ చేసుకుంటే తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టే.

వారం తర్వాత ఆవిడ మళ్లీ రాశారు. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాక స్కానర్ కదిలిందట. దాని మీదున్న బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదట, ప్రోగ్రాములోంచి అయితే స్కాన్ అవుతోందట. ఫ్యాన్ నెమ్మదించింది. గడువు ఇంకా నలభై రోజులకు పైగా ఉంది కాబట్టి చూస్తానన్నారు. వాళ్లబ్బాయికి ఇంకా చెప్పలేదట.

ప్రశ్న: నా పాత డెస్క్‌టాప్ విండోస్ 10తో నత్తలా నడుస్తోంది. ఒకప్పుడు విండోస్ 7తో పరుగెత్తేది. అదే వేసుకుని బ్యాంకు పనులు, మెయిల్ చూసుకోవచ్చా? - మరో పాఠకుడు

జవాబు: వద్దండి. విండోస్ 7కి 2020 జనవరి 14న సపోర్ట్ ఆగింది. క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే దాన్ని వదిలేసింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 ఉంటేనే ఎక్కుతుంది. బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌లో అంత పాత బ్రౌజర్ ఉండకూడదు. పాత ఆటలు ఆడుకోవడానికో, ఏదో పాత ప్రోగ్రాము కోసమో అయితే నెట్ కేబుల్ పీకేసి నిశ్చింతగా వేసుకోండి, నేనే అడ్డు చెప్పను.

అసలు మీ యంత్రం నత్త కావడానికి కారణం విండోస్ కాకపోవచ్చు. లోపల తిరిగే హార్డ్‌డిస్క్ ఉందా? టాస్క్ మేనేజర్‌లో 'డిస్క్' గడి ఎప్పుడు చూసినా 100 శాతం చూపిస్తోందా? అయితే దాని బదులు తిరిగే భాగాల్లేని, వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేయించి, ఉన్న విండోస్‌నే అందులోకి మార్పించండి. ఆ తర్వాత కూడా 7 కావాలనిపిస్తే మళ్లీ రాయండి.