సూపర్‌వైజరుగా చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా నియామక పత్రం అందుకున్నావని తెలిసి సంతోషించాను. నీ సెక్టారులోని, అంటే నీ కింద ఉండే కేంద్రాలలోని, టీచర్లూ ఆయాలూ నీ మాటలకన్నా నీ నడవడిని చూసే ఎక్కువ నేర్చుకుంటారు కనుక, ఆ ఉద్యోగంలోనే రిటైరైన దానిగా కొన్ని విషయాలు రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు బరువుల సంగతి. తక్కువ బరువు పిల్లలు ఎక్కువగా ఉన్న కేంద్రం టీచరును సెక్టార్ మీటింగులో నలుగురి ముందు నిలదీశావంటే, మరుసటి నెలకు ఆ పిల్లలందరూ కాగితం మీద బలపడతారు. ఇంట్లో మాత్రం చిక్కిపోతూనే ఉంటారు, పిల్లల బరువులు ఎక్కించే పోషణ్ ట్రాకరు యాప్‌లో సాధారణ బరువని నమోదైనందువల్ల వారిని ఆసుపత్రికి పంపాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. అందుచేత నిజమైన అంకె రాసిన టీచరును మెచ్చుకో. కేంద్రానికి వెళ్లినప్పుడు త్రాసు సున్నా చూపిస్తోందో లేదో చూసి, చెప్పులూ మందపాటి బట్టలూ తీయించి, ఇద్దరు ముగ్గురు పిల్లలను నీ చేత్తో మళ్లీ తూచు. తేడా వస్తే తల్లుల ఎదుట కాక పక్కకు పిలిచి అడుగు. వెళ్లని కేంద్రానికి వెళ్లినట్టు సంతకం చేసే సూపర్‌వైజరు ఇలా అడిగితే ఆయా సైతం ఖాతరు చేయదు.

పిల్లలను కొట్టడం, గదిలో పెట్టి గడియ వేయడం కనిపిస్తే "చిన్న దెబ్బే కదా" అని వదిలేయకు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. నీ పై అధికారి సీడీపీవో (శిశు అభివృద్ధి పథకం అధికారి) గారికి చెప్పాను కదా అనుకుంటే చాలదు. సంస్థ బాధ్యతలో ఉన్నవారు కింది ఉద్యోగి చేసిన నేరాన్ని తెలిసీ తెలపకపోతే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఊరి పెద్దలు పరువు పేరుతో రాజీకి పిలుస్తారు. ఆ పంచాయితీలో కూర్చోకు.

ఆయాను ఎంత చనువున్నా "ఏమే" అనకు. పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనీయకు.

కేంద్రంలోని గుడ్లు, పాలు, పిల్లలకిచ్చే బాలామృతం పిండి ఎంత ప్రేమగా ఇచ్చినా ఇంటికి తెచ్చుకోవద్దు. ఒక్క డజను తీసుకున్నాక స్టాకు రిజిస్టరులో తరుగును ప్రశ్నించే నోరు ఉండదు. (టీ ఇస్తే తాగు, అంత మడి అక్కరలేదు.) పాత సూపర్‌వైజరు దగ్గర ఛార్జి తీసుకునే ముందు ప్రతి కేంద్రంలోనూ నిల్వను కళ్లారా లెక్కపెట్టి, తరుగు ఉంటే రాతలో పెట్టించుకుని, ఆ తరువాతే సంతకం చేయి.

శుభాశీస్సులతో,
నీ మేనత్త