బెజవాడ నుంచి సింగపూర్‌కి: చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నా,

నువ్వు తనని సింగపూర్ తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. రైలు తప్ప ఎరగని నా చెల్లెలు మాటమాటకీ "మా వాడు, మా వాడు" అంటుంటే కడుపు నిండిపోయింది. సంక్రాంతి వెళ్ళిన ఆదివారం రాత్రి పదకొండింటికి శంషాబాద్‌లో ఫ్లైట్, బెజవాడలో మధ్యాహ్నం మూడింటికి కారెక్కుతాం అంది చూడు, అప్పుడే నాకు టెన్షన్ మొదలైంది.

వీసా, పాస్‌పోర్టు గడువు నువ్వు చూసుకుంటావు. అరైవల్ కార్డు, అదే ఆ దేశంలో దిగేముందు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఫారం, దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపే నింపాలి. అది ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోకు.

హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు. గాల్లో నాలుగున్నర గంటలు. బెజవాడ నుంచి శంషాబాద్ 280 కిలోమీటర్లకి అంతకంటే ఎక్కువ పడుతుంది. మేం వెళ్ళినప్పుడు మీ పెదనాన్న కూడా నీలాగే లెక్కేశారు: ఐదు గంటల రోడ్డు, మూడు గంటలు ముందు చేరడం, సరిపోయింది. పండక్కి ఊళ్ళకెళ్ళిన హైదరాబాదంతా ఆ సాయంత్రమే వెనక్కి బయలుదేరుతుందని ఆయన లెక్కలో లేదు. చిట్యాల దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఆయన దిగి నడిచెళ్ళి చూసి రావడం, నేను వాచీ చూడడం. ఎయిర్‌పోర్టులో ట్రాలీ తోసుకుంటూ పరిగెత్తేసరికి ఫ్లైట్‌కి ఇంకా నలభై నిమిషాలుంది, కౌంటర్ మాత్రం గంట ముందే మూసేశారట. అరిసెల డబ్బా పక్కన పెట్టుకుని తెల్లవార్లూ కుర్చీల్లో కూర్చున్నాం. మర్నాటి టికెట్లకి మళ్ళీ డబ్బు కట్టాం. పల్లెత్తు మాట అంటే ఒట్టు. అనాల్సింది, ఇప్పుడనిపిస్తుంది! అంత పెద్దమనిషి మొహం అలా చిన్నబోతే ఏమంటాం?

కాబట్టి మొండికెయ్యకుండా ముందురోజే వెళ్ళి ఎల్బీనగర్‌లో పిన్ని ఇంట్లో పడుకోండి.

టికెట్ మీద రాత్రి 11, ఉదయం 6 అని చూసి ఏడు గంటల ప్రయాణమని అమ్మ హడలిపోతుంది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని చెప్పు. వచ్చేటప్పుడు రెండు గంటలే ఉన్నట్టు కనిపిస్తుంది, అదీ అబద్ధమే. షుగర్ మాత్ర ఏ గడియారం ప్రకారం వెయ్యాలో డాక్టర్నే అడుగు. మాత్రలు, చీటీ చేతిసంచిలో ఉండాలి. ఆవకాయ పెద్ద బ్యాగులో.

బంగాళాఖాతం మీద కుదుపులు రావచ్చు, బెల్టు తియ్యనివ్వకు. దిగేటప్పుడు చెవులు దిబ్బడేస్తే పిప్పరమెంటు బిళ్ళ చప్పరించమను. చూయింగ్ గమ్ మాత్రం కొనకు. 1992 నుంచి ఆ దేశంలోకి తీసుకెళ్ళనివ్వరు.

ఇంకొకటి. కారెక్కేముందు ఫోన్ డ్రైవర్‌కివ్వు. ముందురాత్రి నిద్రపోయాడో లేదో నేనే అడుగుతాను.

మీ పెద్దమ్మ